నాలుగు వేళ్ళ సందు

బీరాన్ కాకా నన్ను ప్రశాంతంగా బతకనివ్వడని నాకు మొదటినుంచీ తెలుసు. డ్రైవర్ పని మానేసి మలబారులో తన ఊరికి పోయి ఏళ్ళు గడిచినా, పండగొస్తే చాలు ఫోన్ చేసి "ఏయ్ నందలూర్, బతికుండావా?" అని చెవి పగిలేలా అరుస్తాడు. నా పేరు రమణమ్మ. నందలూరు మా ఊరి పేరు మహానుభావా, నా పేరు కాదు అని మొత్తుకున్నా ఏనాడూ వినలేదు. ఆ మనిషి మొన్న శుక్రవారం, నేను బియ్యం కడిగి నానబెట్టి, మధ్యాహ్నం మచ్‌బూస్ కోసం ఉల్లిపాయలు వేయించుకుంటున్న వేళ, కూతురు సఫియాను నా మీదికి తోలాడు. సఫియా ఇక్కడే ఫహాహీల్‌లో భర్తతో కాపురం ఉంటుంది. ఎగైలాలో నేను పని చేసే ఇంటికి ఎప్పుడైనా ఒకసారి వచ్చి, హల్వా పెట్టి పోతుంది. ఆ రోజు హల్వా లేదు. వెనక తలుపులోంచి చెప్పులతోనే వంటింట్లోకి వచ్చి, "రమణక్కా, వాప్ప అంబులెన్స్ ఎక్కనంటున్నాడు" అని ఏడుపు మొదలుపెట్టింది. వాప్ప అంటే వాళ్ళలో నాన్న.

విషయం ఏమిటంటే, కాకాకు కడుపులో పేగు మెలిక పడింది. ఊళ్ళో డాక్టరు చూసి, వెంటనే కోళిక్కోడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కోయించాలి, సాయంత్రం దాటితే నేను పూచీ పడను అన్నాడట. అంబులెన్స్ వచ్చి ముంగిట్లో నిలబడింది. ఈయన వరండాలో బల్ల మీద పడుకుని, నొప్పికి మెలికలు తిరుగుతూ, ఆ పెట్టెలో నేనెక్కను అంటున్నాడు. కొడుకు బతిమాలాడు, మసీదు పెద్ద వచ్చి చెప్పాడు, ఎవరి మాటా వినడం లేదు. "అద్దాలు దిగవంట అక్కా. వెనక అద్దాలు బిగించేసి ఉంటాయి కదా. దానికి ప్రాణం పోగొట్టుకుంటారా ఎవరైనా? ఎందుకని అడిగితే, నందలూర్‌కు తెలుసు, దాన్ని అడగండి అంటాడు" అంది సఫియా. నేను స్టవ్ తగ్గించి, తల పట్టుకుని, అక్కడే నూనె డబ్బా మీద కూలబడ్డాను. ఎందుకో నాకు బాగా తెలుసు. ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియనంతగా తెలుసు. ఇష్టపడి తెలుసుకున్నది కాదు. రోజూ చెవిలో పోస్తే, కారు వెనక సీట్లోంచి ఎక్కడికి పారిపోతాను?

సఫియా తమ్ముడు అక్కడ డాక్టరుతో మాట్లాడుతున్నాడు, ఫోన్ దొరకడం లేదు. దొరికేలోగా ఆ పిల్లకు నేను చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. మా కువైట్ తెలుగువాళ్ళ సంచికలో నా గురించి "గల్ఫ్ రచయిత్రి" అని వేస్తారు గానీ, నా మొదటి కథ నాది కాదు, ఆయనది. ఒక మాట ముందే చెప్పాలి. మా ఇద్దరి మధ్య భాష సగం హిందీ, సగం అరబ్బీ, అది చాలకపోతే చేతులు. కాకా మాటల్ని నేను మా కడప యాసలోనే రాస్తున్నాను. మలయాళీ నోటిని తెలుగులో ఎలా పెట్టాలో నాకు తెలియదు, తెలిసినా ఆ ముసలాయన కోసం అంత కష్టపడను.

నేను కువైట్‌లో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చినది ఆయనే. ఆగస్టు నెల. బయటికి రాగానే పొయ్యిలో మొహం పెట్టినట్టయింది. మా ఊళ్ళో ఏజెంటు కారులో ఏసీ ఉంటుందని చెప్పాడు, ఏసీ ఉంది కూడా, ఘోరంగా మోగుతోంది. కానీ డ్రైవర్ పక్క అద్దం నాలుగు వేళ్ళు దింపి ఉంది. ఆ సందులోంచి వేడిగాలి సరిగ్గా నా మొహం మీదికే వస్తోంది. అద్దం ఎత్తమని చెప్పడానికి భాష లేదు. అమ్మ గుర్తొచ్చింది, దిగబెట్టడానికి వచ్చిన చెల్లెలు గుర్తొచ్చింది, ఏడుపు తన్నుకొచ్చింది. కాకా పై అద్దంలోంచి నన్ను చూసి, ఊరేది అని హిందీలో అడిగాడు. నందలూరు అన్నాను. ఎక్కడ, బళ్ళారి పోయే రైలు దారిలోనా అని మళ్ళీ అడిగాడు. కడపకు ఇవతల, పెద్ద టేసను, ఇసుక ఏరు ఉంది అని చెప్పాను. అంతే, నోరు మూసుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఒక్క మాట లేదు. గేటు ముందు బండి ఆపి, వెనక్కి తిరిగి, కళ్ళు పెద్దవి చేసి చెప్పాడు: "ఏడవగాకు. మా తాతను బళ్ళారి జైలుకు తీసుకపోతాంటే, మీ ఊర్లో రైలు నిలబడినప్పుడు ఒక ఆడమనిషి చెంబుతో నీళ్ళు పోసింది. ఆమె మీ జేజే అయ్యుంటాది. నీకు ఈడ ఏం భయం లేదు." జేజి అంటే మా యాసలో నాన్నమ్మ. నాకు సగమే అర్థమైంది. జైలు అన్న మాట విని, వీడెవడో దొంగల ఇంటివాడనుకుని ఇంకా ఎక్కువ ఏడ్చాను.

అక్కడినుంచి మొదలైంది నా తలనొప్పి. ఇంటి యజమానురాలిని మామా, ఆమె భర్తను బాబా అనాలి ఇక్కడ. అహ్మదీ వైపు మామా వాళ్ళ పాత ఇల్లు అది, మట్టిరంగు గోడలు, వెనకంతా ఖాళీ ఇసుక. పొద్దున లేవగానే నా మొదటి పని కారు లోపల దుమ్ము తుడవడం. ఏ ఇంట్లో పనిపిల్లకైనా కారు లోపల అంత ఇసుక ఉండదు, ఎందుకంటే వాళ్ళ డ్రైవర్లు మనుషుల్లా అద్దాలు మూసుకుని నడుపుతారు. మా కారులో సీట్ల సందుల్లో ఇసుక, పాప నూరా పాలసీసా మీద ఇసుక, నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసి తగిలించిన బాబా దిష్దాషా కాలరులో ఇసుక. మామా అబాయాలకు బుఖూర్ పొగ పట్టించి ఇస్తే, పెళ్ళింటికి చేరేసరికి ఆ వాసన పోయి దుమ్ము వాసన వచ్చేది. గురువారం షర్క్ చేపల మార్కెట్‌కు పోయి జుబైది తెచ్చుకుంటాం, ఆ నీచు వాసనకైతే సందు మంచిదే. సులైబియాకు కూరగాయల కోసం, మేకపోతు కోసం పోతామా, వచ్చేటప్పటికి నేనూ ఆ మేకా ఒకే రంగులో ఉండేవాళ్ళం. "కాకా, ఆ అద్దం ఎత్తు, నీకు దండం పెడతా" అంటే, "మా ఇంట్లో ఎవరం మూసిన బండి ఎక్కం" అని మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు.

ఆయన తాత కౌలు రైతు. అక్కడ భూస్వామిని జన్మి అంటారట. కౌలుదారుడు అడవి కొట్టి, కొబ్బరి నాటి, కాపు వచ్చేదాకా పెంచితే, సరిగ్గా అప్పుడు జన్మి ఆ భూమిని ఇంకొకడి పేర రాసిచ్చి, నువ్వు లేచిపో అంటాడు. అడగబోతే కోర్టు జన్మిది, పోలీసు తెల్లవాడిది. కౌలుదార్లలో ఎక్కువమంది మాప్పిళ్ళలు, అంటే అక్కడి ముస్లింలు. అంతకుముందు కూడా అప్పుడొకరు అప్పుడొకరు కత్తి పట్టి తిరగబడి చస్తూనే ఉన్నారట. చివరికి, తుర్కీ ఖలీఫా కోసం దేశమంతా సభలు జరుగుతున్న రోజుల్లో, పోలీసులు మసీదు మీద పడ్డారన్న మాట ఊరూరా పాకి, పల్లెలన్నీ ఒకేసారి లేచాయి. ఠాణాలు పట్టుకున్నారు, తంతి తీగలు తెంచారు, పట్టాలు పీకారు, భూమి కాగితాలున్న కచేరీలు తగలబెట్టారు. కొన్ని నెలలు తెల్లవాడి మాట అక్కడ చెల్లలేదు. తరవాత పటాలాలు దిగాయి, కొండల్లోకి తరిమి తరిమి పట్టుకున్నాయి. పట్టుబడిన వాళ్ళను సరుకుల పెట్టెలో కుక్కి, తలుపులు బిగించి రైలుకు తగిలించారు. దారిలో తెరిచేసరికి లోపల ఊపిరాడక పోయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో ఆయన తాత తమ్ముడొకడు. తాత ఆ తరవాత పోయిన ఇంకో రైల్లో బళ్ళారి జైలుకు చేరాడు, ఏళ్ళ తరవాత ఇంటికొచ్చాడు. వచ్చినవాడు ఇంటి తలుపు కూడా పూర్తిగా మూయనిచ్చేవాడు కాదట, వాన పడినా నాలుగు వేళ్ళ సందు ఉండాల్సిందే. ఆ పెంపకం ఈయనది. ఆ దుమ్ము నాది.

ఇదంతా విని అయ్యో అనిపించలేదా అంటారు కొందరు. మొదటిసారి అనిపించింది. చేపలు తోముతూ వందోసారి వింటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పైగా పక్కింట్లో వంట చేసే తంకమణి ఒకతె ఉండేది. ఆమెదీ అదే తాలూకా, నాయర్ల ఇంటి మనిషి. పుదీనా అప్పుకని గోడ దాటి వచ్చేది, ఈయన కథ వినబడగానే పుదీనా మర్చిపోయేది. "రైతులంట రైతులు! మా అమ్మమ్మ ఇంటి మీద పడింది ఎవరు? గుడి పగలగొట్టలేదా? మతం మారతావా, తల తీయమంటావా అని అడగలేదా? మా వాళ్ళు కట్టుబట్టలతో ఏరు దాటి పారిపోయినారు" అని అరిచేది. నేను గరిటె పట్టుకుని మధ్యలో నిలబడేదాన్ని, కొట్టుకుంటారేమోనని. కాకా కొట్లాడేవాడు కాదు. సులేమానీ టీ గ్లాసు కింద పెట్టి, "పడినారు. అది కూడా నిజమే. మా తాత కూడా ఆ మాట వస్తే తల దించుకునేవాడు. నువ్వు నీది చెప్పు, నేను నాది చెప్తా, రెండూ ఉంటాయి" అనేవాడు. అక్కడితో ఊరుకుంటారా? ఇద్దరూ నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు నందలూర్, న్యాయం ఎవరిది?" అనేవాళ్ళు. నా మొహం! నేను ఎవరికి చెప్పాలి? మా ఊళ్ళో తగాదాలకే నన్ను ఎవరూ పిలిచిన పాపాన పోలేదు.

ఒకసారి మాత్రం ఆయన ఉద్యోగం పోయేదే. ఆకాశం ఎర్రబడి, పది అడుగుల దూరం కనబడని దుమ్ము లేచిన రోజు అది. పసిపిల్ల నూరాకు దగ్గు, డాక్టరు దగ్గరికి పోతున్నాం. మామా ఉంగరంతో అద్దం మీద టకటకా కొట్టి, "సక్కిర్!" అంది. మూయమని. ఆమె మాట మీద మాట చెప్పే ధైర్యం బాబాకే లేదు. కాకా అద్దం పూర్తిగా ఎత్తాడు. కొంచెం దూరం పోయామో లేదో మెడంతా చెమట పట్టింది. బండి పక్కకు తీసి, తలుపు తెరుచుకుని దిగి, ఆ ఎర్ర దుమ్ములో రోడ్డు పక్కన చతికిలబడి కక్కుకున్నాడు. మామా మండిపోయింది. ఖలాస్, వీణ్ణి రేపే ఇంటికి పంపిస్తా, ఇక్కడ ఉండే పర్మిట్టు ఇఖామా రద్దు చేయిస్తా అని అరుస్తోంది. పాప నా ఒళ్ళో దగ్గుతోంది. నాకు అప్పటికి వచ్చిన అరబ్బీ అంతా కలిపితే వంట సామాన్ల పేర్లు, తిట్లు. ఆ మాటలే గుదిగుచ్చి, రైతు అని, పోలీసు అని, రైలు పెట్టె అని, తలుపు మూసేశారని, లోపల మనుషులు చచ్చిపోయారని, వాళ్ళలో వీళ్ళ మనిషి ఉన్నాడని చెప్పాను. నేను అరబ్బీలో చెప్పిన మొదటి పెద్ద ముక్క అదే, మలబారు తిరుగుబాటు! నా కర్మ కాకపోతే ఏమిటి?

అప్పటికి కువైట్‌నుంచి ఇరాకీలు పోయి ఎంతో కాలం కాలేదు. వాళ్ళున్న నెలల్లో మామా తమ్ముణ్ణి ఇంటి ముందే మూసిన బండిలో ఎక్కించుకుపోయారని, ఆ పిల్లాడు మళ్ళీ రాలేదని నాకు తరవాత తెలిసింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అప్పుడు నాకు కనబడింది ఒక్కటే. ఆమె తన షాలు తీసి పాప మొహానికి చుట్టి, ముందు సీటు మీదుగా వంగి, తన చేత్తోనే ఆ అద్దం కొంచెం దింపింది. తలుపులోంచి కాకాను "యల్లా బీరాన్, యల్లా" అని పిలిచింది. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరూ అద్దం సంగతి ఎత్తలేదు. దుమ్ము తుడవడం మాత్రం నాకే మిగిలింది, ఆ సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ విసిగించింది ఆ నీళ్ళ మనిషి. మూసిన పెట్టె కథ తాత తమ్ముడిది, నీళ్ళ కథ నాది. గ్యాస్ సిలిండరు ఎత్తబోతే "నువ్వు ఎత్తగాకు, మీ జేజి మా తాతకు నీళ్ళు పోసింది" అని లాక్కునేవాడు. చేపలో మంచి ముక్క నాకే. కొత్తగా వచ్చిన పనిపిల్లలకు నన్ను చూపించి, వీళ్ళ వంశం గొప్పది అని చెప్పేవాడు. చెయ్యని మేలుకు దండాలు తీసుకోవడం ఎంత చిరాకో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. సరే, ఏదో ఒకటి తేల్చేద్దామని, మొదటి సెలవులో ఊరికి పోయినప్పుడు మా జేజిని అడిగాను. జేజి అప్పటికి పండు ముసలి. మా ఇల్లు టేసను వీధిలోనే. నడవలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. చిన్నప్పుడు మలబారు ఖైదీల రైలు ఏమైనా వచ్చిందా జేజీ, ఎవరైనా నీళ్ళిచ్చినారా అని అడిగాను. ఒలిచే చెయ్యి ఆగింది.

"రాకేం, వచ్చింది. నేను ఇంతుంటి. ఎండ మండిపోతాంటే రైలు టేసన్లో నిలబడిపోయింది. పోలీసోల్లు వీదిలోకొచ్చి, వాల్లు మనుసుల్ని నరికినోల్లంట, ఎవురూ బైటికి రావద్దండని చెప్పిపోయినారు. వీదంతా తలుపులేసుకున్యారు. మాయమ్మ గడె పెట్టి, గడెకడ్డంగా రోలు జరిపింది. వాల్లు అరస్తానే ఉండారు. బాస తెలీకపోతేనేం, దప్పికైనోడి అరుపు తెలీదా? కాగు నిండా నీల్లుండాయి ఇంట్లో. పొద్దన్నే ఏటికి పోయి తెచ్చినేవి."

"ఎవురూ ఇయ్యలేదా జేజీ?"

"ఎవురూ ఇయ్యలే" అంది. అని మళ్ళీ శనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

సెలవు అయ్యి తిరిగొస్తే ఎయిర్‌పోర్టులో మళ్ళీ ఈయనే. పెట్టె అందుకోకముందే "అడిగినావా?" అన్నాడు. ఆ మొహంలో ఆశ చూసి ఏం చెప్పను? "అడిగినా. మా జేజికి గ్యాపకం లేదంట. మా ఊరు కాదేమోలే కాకా, వేరే ఊరేమో" అన్నాను. కాసేపు నన్నే చూసి, "పెద్దదైపోయింది పాపం. ఆమె మరిచిపోతే నేను మరుస్తానా?" అని నవ్వి, అద్దం నాలుగు వేళ్ళు దింపి బండి తీశాడు. అప్పటినుంచి ఆయన నీళ్ళ మనిషి ఊసెత్తినప్పుడల్లా, మావాళ్ళెవరూ కాదు పొమ్మని కసిరేదాన్ని. ఆయన మాత్రం ఎప్పటిలాగే నాకు చేపలో మంచి ముక్క వేసేవాడు.

ఇప్పుడు చూడండి. ఆ పాత ఇల్లు విడిచి ఎగైలాకు మారాం, ఇక్కడ ఇసుక లేదు, అంతా మాల్స్, మేడలు. నూరా పెద్దదై, ఇద్దరు పిల్లల తల్లయి, కారు తనే నడుపుతుంది. పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుంటారు, బయట దుమ్ము లేచినా వాన పడినా వాళ్ళకు తెలియదు. కారులో ఒక్క ఇసుక రేణువు లేదు, తుడిచే పని తప్పింది, సంతోషం. కథలు కూడా తప్పాయి. ఆ తిరుగుబాటు గురించి ఇప్పుడు నా ఫోన్‌లోకి ఎవరెవరో వీడియోలు పంపుతారు. ఒకడు వాళ్ళంతా దేవుళ్ళు అంటాడు, ఒకడు రాక్షసులు అంటాడు. ఇద్దరికీ గొంతులు పెద్దవి, సంగీతం ఇంకా పెద్దది. రెండూ ఉంటాయి అని టీ గ్లాసు కింద పెట్టేవాడు ఒక్కడూ లేడు. జన్మి ఎవరో, కౌలు ఏమిటో ఒక్కడూ చెప్పడు. నాకు ఒళ్ళు మండి ఫోన్ బోర్లా పడేస్తాను. నేను వద్దన్నా వినిపించిన మనిషి, తన కన్నపిల్లలకు మాత్రం చెప్పలేదట. ఏడాదికి ఒక నెల సెలవు మీద పోయినవాడు పిల్లలకు చాక్లెట్లు ఇస్తాడా, రైలు పెట్టె కథ చెబుతాడా? "వాప్ప నాకెప్పుడూ చెప్పలేదక్కా" అని సఫియా నా గిన్నెల మధ్య నిలబడి ముక్కు చీదుకుంటూ అంది. ఆయన కథంతా మా కారు వెనక సీటుకే ఖర్చయిపోయింది మరి.

అంతలో ఫోన్ కలిసింది. తెర మీద కాకా. గడ్డం తెల్లబడి, బుగ్గలు లోపలికి పోయి, గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. వెనక అంబులెన్స్ తెల్లగా కనబడుతోంది.

"ఏయ్ నందలూర్" అన్నాడు. గొంతు లేదు.

"నందలూరూ లేదు, తంబళ్ళపల్లీ లేదు. లేచి బండెక్కు ముందు. ఆడ పిల్లలు ఏడస్తాండారు, ఈడ ఇదొకతె ఏడస్తాంది. సిగ్గుండాలి."

"అది పెట్టె. ఎక్కను."

"ఏసీ బండి కాకా అది. డాక్టరు ఉంటాడు లోపల. ఊపిరికి గొట్టం కూడా పెడతారు."

"నువ్వు ఎన్నైనా చెప్పు."

అప్పుడు నోట్లోంచి దానంతట అదే వచ్చింది, ఇన్నేళ్ళుగా కాదు కాదు అన్న నోట్లోంచి. "కాకా, నువ్వు చెప్పిందే నిజం. నీళ్ళు పోసింది మా జేజే. చెంబుతో పోసిందంట, నాతో చెప్పింది. ఆమె పోసిన నీళ్ళ మీద ఒట్టు, ఎక్కు."

తెర మీద కాకా మెల్లగా నవ్వాడు, నొప్పితో సగంలో ఆగిపోయింది ఆ నవ్వు. "అబద్ధం" అన్నాడు. "ఎప్పుడూ కాదనే దానివి, ఇప్పుడు అవునంటాండావంటే, నేను పోతాననే కదా?"

"అట్లా కాదు..."

"విను. మా తాత చెప్పిన కత అది కాదు. బళ్ళారి పోయే దావలో ఎవరూ చుక్క నీళ్ళియ్యలేదు. ఒక టేసన్లో సందులోంచి చూస్తే, వీధి వీధంతా తలుపులేసుకుంటాండారంట. తాత ఆ టేసన్ పేరు అడిగి కనుక్కున్నాడు. చచ్చేదాకా ఆ పేరు చెప్పి ఉమ్మేవాడు. మేం చిన్నప్పుడు ఎవరికన్నా ఏదైనా పెట్టకుండా తింటే, నందలూర్‌లో పుట్టినావా అని తిట్టేది మా అవ్వ."

ఫోన్ దగ్గరికి లాక్కున్నాను. "మరి నీళ్ళ మనిషి?"

"నువ్వు వెనక సీట్లో ఏడస్తాంటివి. ఊరేదంటే నందలూర్ అంటివి. ఏడ్చే పిల్ల ముందర ఉమ్మాల్నా నేను? దారంతా ఆలోచించి, ఒక ఆడమనిషిని పెట్టినా, చేతికి చెంబిచ్చినా. రోజూ నిన్ను ఆ పేరుతో పిలిచి పిలిచి, ఆ పేరు కడిగినా. ఇంగ దాన్ని అంటే ఉమ్మబుద్ధి కాదు నాకు."

నాకు ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. అంత కోపం నా జన్మలో రాలేదు. "ఓరి నీ పాసుగాలా! ఇన్నేళ్ళు మా జేజి చెప్పిన మాట నీకు తెలియకూడదని కడుపులో పెట్టుకుని చస్తి కదా నేను! గడె పెట్టినారు కాకా. గడెకు రోలడ్డం పెట్టినారు. కాగు నిండా నీళ్ళుండాయి ఇంట్లో!"

"తెలుసు."

"ఎట్లా తెలుసు?"

"సెలవు నుంచి వచ్చిన రోజు నీ మొహం చూసినా కదా. సరేలే, ఇది కూడా నా మాదిరే అబద్ధాలాడతాంది, మంచి పిల్లే అనుకుంటి."

వంటింట్లో ఏదో మాడుతున్న వాసన. కర్ర చప్పుడైంది. మామా గుమ్మంలో నిలబడి ఉంది. వయసు మీద పడి, చూపు తగ్గింది, చెవి మాత్రం తగ్గలేదు. ఎవరని అడిగింది. బీరాన్, జబ్బుగా ఉన్నాడు, అంబులెన్స్ ఎక్కడం లేదు అని చెప్పాను. ఆమె నా చేతిలో ఫోన్ వైపు మొహం తిప్పి, కొత్తగా ఏమీ ఆలోచించనట్టే, అరబ్బీలో అడిగింది: "ముందు పక్క అద్దం తెరుచుకోదా?"

మా ఎవరికీ తట్టలేదు. నేను సఫియా తమ్ముడి మీద పడ్డాను. "ఆ డ్రైవర్ పక్క అద్దం దించు. మధ్యలో చిన్న కిటికీ ఉంటాది, అదీ తెరువు. ఏసీ పోతే పోనీ. దించినావా? చూపించు నాకు." ఆ పిల్లాడు ఫోన్ పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తాడు. డ్రైవర్ ఏదో గొణిగాడు, మలయాళంలో ఎవరో గట్టిగా కసిరారు. అద్దం దిగింది, మధ్య కిటికీ జరిగింది. కాకా బల్ల మీద పడుకునే చెయ్యెత్తి, నాలుగు వేళ్ళు చూపించాడు. "నాలుగు కాదు, మొత్తం దించినారు. ఇంగ ఎక్కుతావా, నన్నే వచ్చి మొయ్యమంటావా?" అని అరిచాను. ఎత్తి లోపల పడుకోబెట్టారు. తలుపు మూసిన చప్పుడు వినబడింది. నేను, సఫియా, మామా ముగ్గురం ఫోన్ మీదికి వంగాం. ఆయన అరవలేదు.

బండి కదిలింది. ఫోన్ ఎవరి చేతిలో ఉందో, తెర మీద ఏమీ కనబడటం లేదు, గాలి హోరు తప్ప ఇంకేం వినబడటం లేదు. మామా నా భుజం పట్టుకుని నిలబడి, ఆ హోరే వింటోంది. కాసేపటికి ఆ గాలిలోంచి సన్నగా గొంతు వచ్చింది.

"ఏయ్ నందలూర్. ఉండావా?"

"ఉండా కాకా" అన్నాను. "కండ్లు మూసుకుని పడుకో."